యాక్సిలరేటరు తీగ

యాక్సిలరేటరు తీగ అనునది వాహనము నడుపువాని చేతి లేక కాలి కదలికను ఇంజనులోని థ్రాటిల్ కవాటమునకు చేరవేయు ఉక్కు తీగ. వాడుకలో దీనిని యాక్సిలరేటరు వైరు, యాక్సిలరేటరు కేబులు అని కూడా పిలుచుదురు. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, ఆటోరిక్షాలు, కార్బ్యురేటరు గల పాత కార్లు, పాత స్పోర్ట్సు కార్లలో దీనిని చూడవచ్చును. ధర తక్కువైనది, కంటికి కానరానిది అగుటచే దీనిపై శ్రద్ధ చూపువారు అరుదు. అయితే ఇది తెగినచో వాహనము కదలదు. తెగక బిగుసుకొనినచో వాహనము ఆగదు. ఈ రెండవ స్థితి మొదటి దానికంటె చాల ప్రమాదకరము. దుమ్ము, ఎండ, ఘాట్ రోడ్లు మూడును ఒకేచోట కల మార్కాపురం, గిద్దలూరు ప్రాంతమును దృష్టిలో ఉంచుకొని ఈ తీగ ఎందుకు అరుగునో, ఎట్లు కాపాడుకొనవలెనో ఈ వ్యాసములో వివరింపబడినది.

నిర్మాణము

ఈ తీగకు సాంకేతిక నామము బౌడెన్ కేబులు. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అను ఆవిష్కర్త దీనికి 1896లో ఇంగ్లాండులో పేటెంటు పొందెను. సైకిలు బ్రేకులకు ఉపయోగపడి, పిదప మోటారు సైకిళ్ళకు, కార్లకు, విమానములకు కూడ ఇది వ్యాపించినది.

ఇందులో రెండు భాగములు కలవు. మొదటిది లోపలి తీగ. ఇది ఒంటి తీగ కాదు. సన్నని ఉక్కు పోగులు అనేకము మెలివేసి పేనినది. 19 పోగులను ఒకే త్రాడుగా పేనిన రకము కొంత బిరుసుగా ఉండును. ఏడేసి పోగులను ముందు పేని, అట్టి ఏడు పేటలను మరల పేనిన 49 పోగుల రకము మెత్తగా వంగును. రెండవది పైతొడుగు. మెకానిక్కులు దీనిని ఔటర్ అందురు. చదునైన ఉక్కు పట్టీని స్ప్రింగు వలె చుట్టి, దానిపై ప్లాస్టిక్కు పొర వేసి దీనిని తయారు చేయుదురు. కొత్త రకములలో లోపల నైలాను లేక టెఫ్లాను గొట్టము కూడ ఉండును. లోపలి తీగ రెండు కొనలయందు నిప్పిల్ అనబడు చిన్న లోహపు గుండు అతుకబడి ఉండును.

పైతొడుగు రెండు చివరల కదలకుండ నిలిచి ఉండుట వలననే లోపలి తీగను లాగగలుగుదుము. కావున తొడుగు కుంచించుకొనిపోయినను, చివర అంచు చితికినను, తీగ సాగినదానితో సమానమైన ఫలితమే కలుగును. తీగ సాగినదని తరచు చెప్పుదురు గాని, అనేక సందర్భములలో సాగినది తీగ కాదు, కుంగినది తొడుగు.

ఒక ముఖ్యమైన విషయము. ఈ తీగ లాగగలదే గాని తోయలేదు. థ్రాటిల్ తెరచుట మాత్రమే మన చేతిలో ఉన్నది, మూయుట అంతయు స్ప్రింగు పని. స్ప్రింగు బలము తీగలోని రాపిడిని జయించలేనపుడు చేయి వదలినను ఇంజను వేగము తగ్గదు. కొన్ని పెద్ద మోటారు సైకిళ్ళలో తెరచుటకు ఒకటి, మూయుటకు ఒకటిగా రెండు తీగలు అమర్చుట ఈ కారణముచేతనే.

ప్రాంతపు పరిస్థితులు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలో ఉండెడివి. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చబడినది. కోస్తా జిల్లాలో చేరినను ఈ నేల స్వభావము రాయలసీమదే. వానలు తక్కువ, ఎండలు తీవ్రము, పడమట నల్లమల కొండలు.

మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. పలక రాయి గనులు, రాయి కోయు కర్మాగారములు ఉన్నచోట గాలిలో సన్నని రాతి పొడి ఉండును. పలక రాయిలో క్వార్ట్జ్ ఒక ముఖ్య ఖనిజము. మో కాఠిన్య కొలమానముపై క్వార్ట్జ్ విలువ 7. ఇత్తడి విలువ సుమారు 3 మాత్రమే. కావున ఈ పొడి నూనెతో కలిసి తొడుగులో చేరినచో, అది సాన పట్టు మందు వలె పనిచేసి నిప్పిల్‌ను, తీగను, నైలాను గొట్టమును అరగదీయును. ఇదే పొడి పలక కార్మికుల ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధి కలిగించుట జగద్విదితము. దానితో పోల్చిన తీగ అరుగుట అల్పమైన విషయమే గాని, రెండింటికిని కారణమైన ధూళి ఒక్కటే.

వేసవిలో ఎండలో నిలిపిన వాహనపు ప్లాస్టిక్కు తొడుగు కొన్ని సంవత్సరములలో గట్టిపడి పగుళ్ళు వచ్చును. తొలకరి వానకు ఆ పగుళ్ళ గుండా నీరు దిగి, లోపలి ఉక్కు చుట్టకు తుప్పు పట్టించును. కనుక ఎండ చేసిన నష్టము ఎండాకాలములో కాక వానాకాలము తరువాత బయటపడును.

ఇక రహదారులు. గిద్దలూరు నుండి దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోవు దారి, దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు దారి నల్లమల అడవిలో ఘాట్ రోడ్లు. మొదటిది సుమారు 60 కిలోమీటర్లు, రెండవది సుమారు 50 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డులో ప్రతి మలుపు వద్దను యాక్సిలరేటరును మూసి తెరవవలసి ఉండుటచే, చదును నేలపై చాల దూరము పోయినప్పటి కదలికలు ఇక్కడ కొద్ది దూరములోనే పూర్తియగును. ద్విచక్ర వాహనములలో హేండిలు పూర్తిగా త్రిప్పినపుడెల్ల తీగ కూడ వంగును. ఎక్కుటలో తక్కువ గేరులో ఇంజను వేడెక్కును, గాలి తగులదు. దిగుటలో యాక్సిలరేటరు పూర్తిగా మూసి, ఇంజను పట్టుపై ఆధారపడి దిగవలెను. తీగ బిగుసుకొనుటకు అంతకంటె చెడ్డ చోటు ఉండదు. పైగా శ్రీశైలము దారి పులుల అభయారణ్యములో ఉన్నది. రాత్రివేళ వాహనముల రాకపోకలపై నియంత్రణ కలదు. తీగ తెగి చీకటి పడువేళ అడవి నడుమ నిలిచిపోవుట ఎవరును కోరుకొనునది కాదు.

అరుగుదలకు కారణములు

తీగ మధ్యలో తెగుట అరుదు. సాధారణముగా నిప్పిల్‌కు ఆనుకొని ఉన్న మొదటి కొద్ది మిల్లీమీటర్లలోనే తెగును. నిప్పిల్ తాను కూర్చున్న గుంటలో స్వేచ్ఛగా తిరుగవలెను. దుమ్ము చేరియో, తుప్పు పట్టియో అది తిరుగుట మానినచో, తిరుగవలసిన నిప్పిల్‌కు బదులు తీగయే వంగును. ప్రతి కదలికకును అదే చోట వంగి, పోగులు ఒకటొకటిగా అలసి విరుగును. ఒక ఇనుప కడ్డీని అటునిటు వంచి విరుచుట అందరును ఎరిగినదే, ఇదియు అదియే.

దీనిని లెక్కతో కూడ చూపవచ్చును. పోగు వంగినపుడు దాని పైభాగము సాగు నిష్పత్తి, పోగు మందమును వంపు వ్యాసముతో భాగించిన విలువకు దాదాపు సమానము. పోగు మందము 0.2 మిల్లీమీటరు, వంపు వ్యాసము 100 మిల్లీమీటర్లు అయిన ఆ నిష్పత్తి 0.2 శాతము. ఉక్కునకు ఇది సుమారు 400 మెగాపాస్కల్ ఒత్తిడి. మంచి తీగ చాలకాలము భరించును. అదే తీగ 20 మిల్లీమీటర్ల వ్యాసములో వంగినచో నిష్పత్తి 1 శాతము, ఒత్తిడి సుమారు 2,000 మెగాపాస్కల్. ఇది గట్టి ఉక్కు తీగకును హద్దు. అందుచేతనే పెట్రోలు ట్యాంకు క్రింద నలిగినట్లు ఇరుకుగా వంచి పెట్టిన తీగ ఎంత మంచి కంపెనీదైనను నిలువదు.

రెండవ కారణము రాపిడి. తొడుగు ఎన్ని వంపులు తిరిగినదో వాటి మొత్తము కోణముపై రాపిడి ఆధారపడును. వంపు పెద్దదా చిన్నదా అనునది ఇక్కడ లెక్కకు రాదు, మొత్తము కోణమే లెక్క. ఒక తీగ తొంబది డిగ్రీల వంపులు రెండు తిరిగినదనుకొందము. నూనె ఉన్న తీగలో రాపిడి గుణకము 0.15 అనుకొనిన, ఒక కొనయందు లాగవలసిన బలము రెండవ కొనకు చేరు బలమునకు 1.6 రెట్లు. ఎండి తుప్పు పట్టి గుణకము 0.3 అయినచో అది సుమారు 2.6 రెట్లు. మణికట్టు దీనిని ఓర్చుకొనును, కాని వెనుకకు లాగు స్ప్రింగు పరిస్థితి వేరు. కార్బ్యురేటరు వద్ద స్ప్రింగు పది న్యూటన్ల బలముతో లాగినచో, మొదటి తీగలో చేతివైపు కొనకు ఆరు న్యూటన్లకు పైగా చేరును, రెండవదానిలో నాలుగు కూడ చేరదు. ఆ మిగిలిన బలముతో హేండిలు పిడిని వెనుకకు త్రిప్పవలసి ఉన్నది. పిడి వదలినపుడు టప్పున మూసుకొనుట మాని మెల్లగా జారుచున్నదనిన, అది తీగ ముందుగా ఇచ్చు హెచ్చరిక.

మూడవది వేడి. పొగ గొట్టమునకు తగులుచున్న తొడుగు కరగును. నాలుగవది మెకానిక్కులకు కూడ తట్టని కారణము, ఎర్తు పట్టీ. పాత కార్లలో ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును. ఇంజనును బాడీకి కలుపు ఎర్తు పట్టీ తెగినచో, స్టార్టరు మోటారు లాగు వందకు పైబడిన ఆంపియర్ల విద్యుత్తు వెనుకకు పోవు దారి వెదకుకొని యాక్సిలరేటరు తీగ, చోకు తీగల గుండా ప్రవహించును. తీగ కాలి, లోపలి నైలాను కరగి అతుకుకొనును. కొత్త తీగ వేసినను కొద్ది దినములలో అదే గతి పట్టినచో తీగను కాక ఎర్తును పరీక్షించవలెను. స్టార్టు చేసిన వెంటనే తొడుగును ముట్టి చూచిన వెచ్చగా తగులుట దీనికి గుర్తు.

వాహన రకములు

బజాజ్ చేతక్ వంటి పాత స్కూటర్లలో తీగ హేండిలు లోపలి నుండి స్టీరింగు గొట్టము ప్రక్కగా వెనుకనున్న ఇంజను వరకు పోవును. దారి పొడవు, వంపులు ఎక్కువ. ఇందులో తొడుగును అట్లే ఉంచి లోపలి తీగను మాత్రము మార్చుట వాడుక. కొత్త తీగ సులువుగా దూరుటయే తొడుగు బాగున్నదనుటకు ప్రమాణము కాదు. లోపల అరిగి గాడి పడిన తొడుగు కొత్త తీగను త్వరగా తినివేయును. రెండు మూడు మార్లు లోపలి తీగ మార్చిన పిదప తొడుగుతో సహా మార్చుట మేలు.

ఆటోరిక్షాలలో పరిస్థితి ఇంకను కఠినము. హేండిలు ముందు, ఇంజను వెనుక. వాహనపు పొడవు అంతయు తీగ క్రింది భాగమున పోవుటచే ముందు చక్రము ఎగజిమ్ము మట్టి నేరుగా దానిపై పడును. పల్లెలకు మట్టి దారులలో తిరుగు ఆటోలకు ఇది నిత్యమైన సమస్య.

యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి విడిగా చెప్పవలెను. 1985 నుండి 1996 వరకు భారత దేశములో తయారైన ఈ రెండు స్ట్రోకుల మోటారు సైకిలును నేటికిని ప్రాణపదముగా చూచుకొనువారు కలరు. ఇందులో పిడి నుండి బయలుదేరిన తీగ మధ్యలో రెండుగా చీలును. ఒకటి కార్బ్యురేటరునకు, రెండవది నూనె పంపునకు. యాక్సిలరేటరు తెరచిన కొలది నూనె కూడ ఎక్కువ పోవునట్లు చేసిన ఏర్పాటు ఇది. పంపు వైపు తీగ సాగినను, తెగినను బండి ఎప్పటివలె పరుగెత్తును. నడుపువానికి ఏమియు తెలియదు. కాని పంపు అతి తక్కువ నూనె ఇచ్చు స్థితిలోనే నిలిచిపోవును. ఘాట్ ఎక్కునపుడు పిస్టను వేడెక్కి సిలిండరులో బిగుసుకొనును. వెనుక చక్రము హఠాత్తుగా ఆగిపోయి మనిషి పడిపోవుటకు అవకాశము కలదు. కావున ఈ బండి తీగ మార్చినపుడు నూనె పంపు గుర్తులు సరిపోయినవో లేదో చూడకుండ బండిని తీసికొనరాదు. పంపును తొలగించి పెట్రోలులోనే నూనె కలుపుకొనువారికి ఈ భయము లేదు, అయితే వారు ప్రతిసారి కొలత తప్పకుండ కలుపవలెను.

స్పోర్ట్సు కార్లు ఈ ప్రాంతమున కనబడుట అరుదు. అయినను సూత్రము ఒక్కటే. 1962 నుండి 1980 వరకు తయారైన బ్రిటిషు కారు ఎంజిబిలో కార్బ్యురేటర్లు, పొగ మానిఫోల్డు ఇంజనునకు ఒకే ప్రక్కన ఉండుటచే తీగ వేడికి దగ్గరగా ఉండును. 1989లో వచ్చిన మొదటి తరము మాజ్డా ఎంఎక్స్-5 లోను తీగయే ఉన్నది. ఇంజను వెనుక గల కార్లలో తీగ కారు పొడవునా సాగవలెను. కార్లలో మరియొక దోషము తరచు కానవచ్చును: కాలి పెడలు నేలను తాకకముందే కార్బ్యురేటరు మీట చివరికి చేరుట. అట్లయిన, మీట కదలనపుడు కూడ కాలు బలముగా తొక్కుచునే ఉండును. ఆ బలమంతయు తీగపై పడి నిప్పిల్ ఊడిపోవును. పెడలు క్రింద ఆపు దిమ్మెను సరిచేసి, మీట చివరికి చేరు సమయమునకే పెడలు ఆగునట్లు చూడవలెను. మన దేశపు పాత కార్లకును ఇది వర్తించును.

1980ల చివరి నుండి కార్లలో తీగకు బదులు విద్యుత్ సంకేతములతో థ్రాటిల్ తెరచు విధానము వచ్చి క్రమముగా వ్యాపించినది. 2020 ఏప్రిల్ 1 న అమలులోనికి వచ్చిన బిఎస్-6 నిబంధనలతో మన ద్విచక్ర వాహనములలో కార్బ్యురేటరు పోయి ఇంజెక్షను వచ్చినది గాని, చిన్న బండ్లలో చాలవాటికి తీగ ఇంకను మిగిలియే ఉన్నది.

పరీక్షించు విధము

పరికరములు అక్కరలేదు. ఇంజను ఆపి, పిడిని పూర్తిగా త్రిప్పి వదలవలెను. హేండిలు నిటారుగా ఉన్నపుడు, ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా త్రిప్పినపుడు, మూడు స్థితులలోను పిడి తనంతట తాను వేగముగా మూసుకొనవలెను. తరువాత ఇంజనును నిదానముగా తిరుగనిచ్చి హేండిలును ఈ చివర నుండి ఆ చివరకు త్రిప్పవలెను. ఇంజను శబ్దము పెరిగినచో తీగ బిగువుగా ఉన్నదని గాని, దారి తప్పి ఎక్కడనో ఇరుకుకొన్నదని గాని అర్థము. పిడి అంచున రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండవలెను. తుదకు రెండు కొనలయందు నిప్పిల్ ప్రక్కన గుడ్డతో తుడిచి వెలుతురులో చూడవలెను. ఒక్క పోగు లేచి ఉన్నను ఆ తీగ ఆయువు తీరినట్లే. లేచిన పోగును కత్తిరించి వాడుట కూడదు. మిగిలిన పోగులపై భారము పెరిగి అవియు త్వరలో పోవును. విరిగిన పోగు తొడుగు అంచున చిక్కుకొని థ్రాటిల్‌ను తెరచిన స్థితిలోనే నిలిపివేయుటయు కలదు.

నూనె వేయుట, మార్చుట

నైలాను గొట్టము లేని పాత తీగకు పలుచని యంత్రపు నూనె వేయవలెను. పై కొనను విడదీసి, దాని చుట్టు ప్లాస్టిక్కు కాగితముతో గరాటు వలె కట్టి, నూనె పోసి, తీగను నిటారుగా రాత్రి అంతయు వ్రేలాడదీసినచో క్రింది కొన నుండి నూనె బొట్లు బొట్లుగా దిగును. ముందు దిగునది నల్లగా ఉండును. తేటగా దిగువరకు పోయుట మంచిది. వాడిన సిరంజితో పోయుట అనేక షెడ్లలో కలదు, అదియు మంచి పద్ధతియే. నైలాను లేక టెఫ్లాను గొట్టము ఉన్న తీగలకు తయారీదారు వద్దన్నచో నూనె వేయరాదు.

ఇంజను నుండి తీసిన పాత నూనె పోయుట చెడ్డ అలవాటు. అందులో లోహపు రజను, మసి ఉండును. గ్రీజు దట్టించుట కూడ ఈ ప్రాంతమునకు తగదు. గ్రీజు దుమ్మును పట్టి ఉంచును. పలక పొడి కలిసిన గ్రీజు ఆకురాయితో సమానము. నిప్పిల్ కూర్చున్న గుంటలో మాత్రము చిటికెడు గ్రీజు పెట్టవచ్చును. పలుచని నూనె, తరచుగా, అనునది ఇక్కడి నియమము. రెండు మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి, గనుల దారిలో తిరుగు బండ్లకు అంతకంటె ముందుగా వేయుట ఉచితము. తొడుగు పై కొనకు రబ్బరు టోపీ ఉండవలెను. ఊడిపోయిన టోపీని మరల పెట్టని కారణముననే సగము తీగలు చెడిపోవుచున్నవనుట అతిశయోక్తి కాదు.

కొత్త తీగ వేయునపుడు పాత తీగ పోయిన దారిని ముందుగా గుర్తుంచుకొనవలెను. పాత తొడుగు కొనకు ట్వైను దారము కట్టి లాగి, ఆ దారముతో కొత్తదానిని దూర్చుట సులువైన ఉపాయము. తొడుగును ప్లాస్టిక్కు పట్టీలతో బిగించి కట్టరాదు, హేండిలుతో పాటు కదలుటకు చోటు ఉండవలెను. తెగిన తీగకు మరతో బిగించు నిప్పిల్ వేసి నడుపుట ఇంటికి చేరుటకు మాత్రమే. మర పోగులను నలిపి, మరునాడో ఆ మరునాడో అక్కడనే తెగును.

దారిలో ప్రమాదము సంభవించినపుడు

యాక్సిలరేటరు తెరచిన స్థితిలో బిగుసుకొనినచో ముందు క్లచ్చి పట్టవలెను. ఇంజను పెద్దగా అరచును, దానికి భయపడరాదు. వెంటనే ఇంజను ఆపు స్విచ్చి గాని, తాళము గాని త్రిప్పవలెను. కారులో తాళమును ఇంజను ఆగు స్థానము వరకే త్రిప్పవలెను. చివరి వరకు త్రిప్పినచో స్టీరింగు బిగిసిపోవును. బ్రేకును ఒకేసారి గట్టిగా తొక్కి పట్టవలెను గాని మాటిమాటికి వదలి తొక్కరాదు. బ్రేకు బూస్టరులోని శూన్యము ఖర్చయి పెడలు రాయివలె మారును.

తీగ తెగి థ్రాటిల్ మూసుకొనిపోయినచో ప్రాణాపాయము లేదు. కార్బ్యురేటరు ప్రక్కనున్న ఐడిలింగు మరను బిగించి ఇంజను వేగము పెంచి, మొదటి, రెండవ గేర్లలో చదును దారిపై మెల్లగా పోవచ్చును. చేతి చోకు గల పాత కార్లలో చోకు తీగను విప్పి థ్రాటిల్ మీటకు కట్టి చేతితో లాగుచు నడిపినవారు కలరు. ఈ రెండు ఉపాయములును ఘాట్ దిగుటకు పనికిరావు. దోర్నాల దాటిన పిదప గాని, దిగువమెట్ట దాటిన పిదప గాని చాల దూరము వరకు విడిభాగముల దుకాణము దొరకదు కావున, పాత బండిపై అడవి దారి పట్టువారు ఒక తీగను, ఒక మర నిప్పిల్‌ను, చిన్న పటకారును సీటు క్రింద ఉంచుకొనుట వాడుక.